వాడకంలో పొరపాటు

పరీక్షా కేంద్రంలో అందరూ ఆవిడను కొలతమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది సంపాదకుడు. పద్దెనిమిదేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, అట్టపెట్టె మీద రాసినదాన్ని నమ్మకుండా ఒక ఇస్త్రీపెట్టె తీగను టేపు పెట్టి కొలిచి, జానెడు తక్కువని తేల్చిందావిడ. ఆనాటి నుంచి అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడలేదు. ఆవిడకు అది చిన్నతనంగా ఏమీ ఉండేది కాదు. కొలవకుండా మాట్లాడేవాళ్ళంటేనే చిరాకు.

కేంద్రం నెలకొక పత్రిక వేస్తుంది. ఇంట్లో వాడే వస్తువుల్లో ఏది కొనవచ్చో, ఏది కొనకూడదో అందులో చెబుతారు. ఈ నెల వంతు కాఫీ యంత్రాలది. తొమ్మిది వచ్చాయి. వాటిలో అన్నిటికంటే ఖరీదైనది నల్లగా, నిటారుగా, ఎవరితోనూ పనిలేనట్టు బల్ల మీద నిలబడి ఉండేది. పడుకోబోయే ముందు నీళ్ళూ పొడీ పోసి గంట చెప్పి పెడితే, పొద్దున్నే ఆ గంటకు తనంతట తానే కాఫీ దించి పెడుతుంది. దాని కూజా గాజుది కాదు. రెండు పొరల ఉక్కుది. కింద పొయ్యి లేకుండానే కాఫీ రెండు గంటల సేపు పొగలు కక్కుతుంది.

కొలతమ్మ దానితో ఇరవైసార్లు కాఫీ దించింది. ప్రతిసారీ నీళ్ళు తూచి పోసింది. వడకట్టే బుట్టలోకి వేడి కొలిచే సన్నటి తీగ దించి చూసింది. తొంభై రెండు డిగ్రీలకు తగ్గలేదు, తొంభై ఆరు దాటలేదు. దిగడానికి ఆరు నిమిషాలు కూడా పట్టలేదు. దిగాక బుట్టలోని వడపోత కాగితాన్ని ఎత్తి, అడుగున మిగిలిన తడిపొడి ఎలా ఉందో వెలుతురుకు పట్టి చూసింది. మధ్యలో గుంట పడితే నీళ్ళన్నీ ఒక్కచోటే కారాయని అర్థం. ఇందులో పొడి దిబ్బరొట్టెలాగా చదునుగా ఉంది. మిగతా ఎనిమిదింటిలో అలా వచ్చినవి రెండే.

లోపలి పరీక్ష అయ్యాక బయటి పరీక్ష. అదే రకం యంత్రాలు ఏడింటిని ఏడు ఇళ్ళకు పంపి, రెండు వారాలు వాడమని చెప్పి, ముప్ఫై రెండు ప్రశ్నలున్న కాగితం ఇస్తారు. ఆ ప్రశ్నలు కూడా కొలతమ్మ రాసినవే. ఆరు ఇళ్ళ నుంచి కాగితాలు బాగానే వచ్చాయి. ఏడో ఇంటి కాగితంలో, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఇలా ఉంది: "ఎనిమిదో రోజు పొద్దున ఆరింటికి యంత్రం మొదలైంది. కూజాలోకి చుక్క దిగలేదు. బుట్ట నిండి వేడినీళ్ళూ పొడీ పైనుంచి పొర్లాయి. ఆపబోతే మణికట్టు మీద పడ్డాయి. మూత సరిగ్గానే బిగించాను."

ఆ కడపటి వాక్యం దగ్గర కొలతమ్మ పెన్ను ఆగింది. ఈ యంత్రం సంగతి ఆవిడకు క్షుణ్ణంగా తెలుసు. బుట్ట అడుగున ఒక చిన్న స్ప్రింగు తలుపు ఉంటుంది. కూజాను కింద పెట్టినప్పుడు కూజా మూత మీద ఉండే బుడిపె ఆ తలుపును పైకి నెడుతుంది, దారి తెరుచుకుని కాఫీ కిందికి దిగుతుంది. మూత పూర్తిగా బిగియకపోతే బుడిపె అందదు. దారి తెరుచుకోదు. పైనుంచి నీళ్ళు మాత్రం పడుతూనే ఉంటాయి. అంటే పొర్లిందంటే మూత బిగియలేదన్నమాటే. మూత సరిగ్గా బిగించి ఉంటే పొర్లదు. ఇరవైసార్లలో ఆవిడకు ఒక్కసారి కూడా పొర్లలేదు.

ఆలోచించాల్సినంత ఏమీ కనపడలేదు. చివరి గడిలో "వాడకంలో పొరపాటు" అని రాసి, కాగితాన్ని మిగతావాటి కింద పెట్టింది. ఆ గడిలో ఉన్నదాన్ని ఆఫీసు గుమాస్తా ఉత్తరంలోకి ఎక్కించి, కృతజ్ఞతలు జోడించి, ఆ ఇంటికి పంపేస్తాడు. అది మామూలుగా జరిగేదే. అది బుధవారం.

సోమవారం పొద్దున్నే యంత్రాలు తిరిగి తెచ్చుకునే పని. మామూలుగా బండివాడు వెళ్తాడు. అతను సెలవు పెట్టడంతో ఆ వైపున్న రెండు ఇళ్ళు కొలతమ్మ వాటాకు వచ్చాయి. ఏడో ఇల్లు ఒక మేడ మీద మూడో అంతస్తు. తలుపు తీసినావిడ అప్పటికే పనికి బయల్దేరడానికి చెప్పులు వేసుకుని ఉంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుందట, ఎనిమిదింటికి అక్కడ ఉండాలట. కొలతమ్మ ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పగానే లోపలికి రమ్మని, యంత్రాన్ని తన భర్త శనివారమే పెట్టెలో సర్ది టేపు వేశాడని చెప్పింది. తరవాత గొంతు తగ్గించింది.

"మా వదిన చేసిన దానికి మీరేమీ అనుకోకండి. వయసు మీద పడుతోంది. పోయిన నెల పాలగిన్నె మాడబెట్టింది, ఇప్పుడిది. మేమిద్దరం పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాం. ఒక్కతే ఉంటుంది. మాకు భయం కాదూ? పరీక్షలు చేసేవాళ్ళే రాశాక ఇంక మేమేం మాట్లాడతాం."

ఆ మాటలు గట్టిగా అనలేదు. దుర్మార్గంగా కూడా అనలేదు. సంచి భుజాన వేసుకుంటూ, రోజూ పొద్దున బస్సు వేళల గురించి మాట్లాడినట్టు మాట్లాడింది. సంచిలో ఏవో గలగలమన్నాయి.

పెట్టె వంటగదిలో ఉంది. కొలతమ్మ దాన్ని ఎత్తబోతూ, అలవాటు కొద్దీ చుట్టూ చూసింది. గట్టు తుడిచి తళతళలాడుతోంది. ఒక మూల ఫ్లాస్కు, దాని పక్కన మూత పెట్టిన టిఫిను డబ్బా ఉన్నాయి. గ్యాసు పొయ్యికి తిప్పే మరలు లేవు. అవి ఉండాల్సిన చోట నాలుగు ఇనుప మొలకలు పొడుచుకొచ్చి ఉన్నాయి. కొలతమ్మ వాటిని చూసింది. గలగలమన్నవి ఏమిటో అర్థమైంది. రోజూ అవి కళ్ళజోళ్ళ దుకాణానికి పోయి వస్తున్నాయన్నమాట.

ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను ముందు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆ వీధిలో అందరూ ఆవిడను కుట్టు అక్కయ్య అంటారు. పాత బట్టలు సరిచేసి ఇస్తుంది. నడుము వదులు చేయడం, చేతులు పొట్టి చేయడం, చినిగినచోట చినిగినట్టు తెలియకుండా అతకడం. అరవై ఆరేళ్ళుంటాయి. కుడిచేతి మణికట్టుకు శుభ్రమైన పలుచటి గుడ్డ చుట్టి ఉంది. కుట్టడం లేదు. ఎడమచేత్తో ఒక పంట్లాము అంచు మడత పెట్టడానికి ప్రయత్నిస్తోంది. మడత నిలవడం లేదు.

మరదలు వెళ్ళిపోయాక ఆవిడ తల ఎత్తి, కొలతమ్మను కూర్చోమంది. ఇంకో ఇంటికి వెళ్ళాలని కొలతమ్మ నిలబడే ఉంది.

"ఉత్తరం వచ్చింది," అంది అక్కయ్య. "మా తమ్ముడు చదివాడు. వాడు బడిలో లెక్కలు చెబుతాడు. మార్కులు చదివినట్టు చదివాడు."

కొలతమ్మ పెట్టె ఉన్న వంటగది వైపు చూసింది.

"ఆ మాట ఎవరు రాశారమ్మా?"

"ఆఫీసులో రాస్తారండీ," అంది కొలతమ్మ.

అబద్ధం కాదు. ఆఫీసులోనే రాశారు. అక్కయ్య మిషను సొరుగు లాగి, యంత్రంతోపాటు ఇచ్చిన పుస్తకాన్ని తీసి ఇచ్చింది. అది పెట్టెలో పెట్టడం మరిచిపోయారట. పద్నాలుగో పేజీలో గుండుసూది గుచ్చి ఉంది. ఆ పేజీలో ఒక వాక్యం కింద గులాబీరంగు సుద్దతో, బట్ట మీద గీసినంత సూటిగా గీత గీసి ఉంది: 'కూజా మూతను టక్ మని శబ్దం వచ్చేవరకు కుడివైపు తిప్పండి.'

"నలభై ఏళ్ళు కాగితం మీద రాసిన కొలతలు చూసి కుట్టాను," అంది అక్కయ్య. "రాసినట్టు చేస్తేనే ఒంటికి సరిపోతుంది. ఇది కూడా రాసినట్టే చేశాను. టక్ మంది. విన్నాను."

అలాగే అండీ అని చెప్పి, కొలతమ్మ పుస్తకాన్ని సంచిలో వేసుకుని, పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగింది. బరువుగా ఉంది. రెండో అంతస్తు దగ్గర ఒకసారి దించి చేతులు మార్చుకుంది. ఈ యంత్రం మూతకు ఏదైనా దెబ్బ తగిలి ఉంటుందా అని అప్పుడు మొదటిసారి అనుకుంది. అలా అయితే పొరపాటు ఎవరిదీ కాకుండా పోతుంది. ఆ ఆలోచన ఆవిడకు కాస్త సుఖంగా అనిపించింది.

మంగళవారం ఉదయం పరీక్షగదిలో ఆ పెట్టె టేపు కోసింది. యంత్రానికి ఎక్కడా దెబ్బ లేదు. పైగా, పంపినప్పటికంటే శుభ్రంగా ఉంది. బుట్ట మూలల్లో కూడా పొడి మరక లేదు. నీళ్ళు తూచి పోసింది. పొడి వేసింది. మూత తిప్పింది. కాఫీ బుద్ధిగా దిగింది. రెండోసారి దిగింది. పదోసారి కూడా దిగింది. దెబ్బ తగిలిందన్న ఆశ అక్కడితో పోయింది.

మధ్యాహ్నం ఆవిడ సుద్దగీత ఉన్న పేజీని బల్ల మీద తెరిచి పెట్టుకుంది. టక్ మని శబ్దం వచ్చేవరకు. ఆ వాక్యాన్ని తను ఇంతకుముందు చదివిందా? చదివే ఉంటుంది. కానీ మూత తిప్పేటప్పుడు తను చేసేది అది కాదు. మూత అంచున వెంట్రుకంత సన్నటి గీత ఒకటుంది, పిడి మీద ఇంకొకటి ఉంది. నల్లటి ప్లాస్టిక్కు మీద నల్లటి గీతలు. మొదటి రోజే ఆవిడ కంటికి అవి దొరికాయి. ఆ రెండు గీతలూ ఎదురెదురుగా వచ్చేదాకా తిప్పడం చేతికి అలవాటైపోయింది. పుస్తకంలో ఆ గీతల ఊసే లేదు. పద్నాలుగో పేజీ ముందూ వెనకా రెండుసార్లు తిరగేసింది. ఎక్కడా లేదు.

టక్ మన్న శబ్దం తను ఎన్నడైనా విన్నదా అని ఆలోచించింది. గుర్తు రాలేదు. ఎందుకు గుర్తు రాలేదో తల ఎత్తి చూస్తే తెలిసింది. గోడకు, కిటికీ పైన, ఆవిరిని బయటికి తోసే పెద్ద పంకా తిరుగుతోంది. ఆ గదిలో అది పద్దెనిమిదేళ్ళుగా తిరుగుతూనే ఉంది. పక్కవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. కొలతమ్మ బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళి దాన్ని ఆపింది. రెక్కలు నెమ్మదిగా ఆగాయి. గది ఉన్నట్టుండి పెద్దదైనట్టు అనిపించింది. అవతలి గదిలో గుమాస్తా దగ్గడం వినపడింది.

కూజాను దగ్గరికి లాక్కుని, కళ్ళు మూసుకుని, మూత తిప్పింది.

టక్.

కళ్ళు తెరిచింది. మూత మీది గీత పిడి మీది గీతకు ఇంకా బొటనవేలంత దూరంలో ఉంది. చేతికి మూత బిగిసినట్టే ఉంది. కూజాను వంచి చూస్తే చుక్క కారదు. చెయ్యి బలంగా పడిన రోజున దాటిపోతుంది గానీ, లేకపోతే ఎవరైనా అక్కడితో ఆపేస్తారు. ఆవిడ ఇంకాస్త బలంగా తిప్పింది. మళ్ళీ టక్ మంది. ఇప్పుడు గీతలు కలిశాయి.

మూతను వెనక్కి తిప్పి, మొదటి టక్ దగ్గర ఆపి, కూజాను కింద పెట్టి, యంత్రాన్ని నడిపించింది. నీళ్ళు పైన మరిగాయి. బుట్టలోకి పడ్డాయి. కూజాలోకి చుక్క దిగలేదు. రెండు నిమిషాలకు బుట్ట అంచు మీదుగా గోధుమరంగు నీళ్ళు పొంగి, పొడిని మోసుకుంటూ బల్ల మీదికి పరుగెత్తాయి. మీట సరిగ్గా ఆ కారే చోటుకు వెనక ఉంది. ఆపాలంటే ఆ ధార మీదుగానే చెయ్యి పోవాలి. కొలతమ్మ మీట ముట్టలేదు. వెళ్ళి గోడలోని ప్లగ్గు పీకేసింది. ఆ సంగతి తెలిసినవాళ్ళకు అది తేలిక.

గుడ్డతో బల్ల తుడుస్తూ, తను కాగితం మీద అడిగిన ముప్ఫై రెండు ప్రశ్నలను మనసులో ఒక్కొక్కటే తిరగేసుకుంది. గట్టు మీద మరకలు పడ్డాయా అన్నది పంతొమ్మిదోది. ఒంటి మీద పడ్డాయా అన్నది ఎక్కడా లేదు.

బుధవారం సంపాదకుడి గదికి వెళ్ళింది. ఆయన బల్ల మీద అచ్చుకు వెళ్ళబోయే పేజీలు పరిచి ఉన్నాయి. నల్లటి యంత్రం బొమ్మ పక్కన పెద్ద అక్షరాలతో 'మా మొదటి ఎంపిక' అని ఉంది. శుక్రవారం అచ్చు. కొలతమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన మంచివాడే, విన్నాడు. విని, మూత పూర్తిగా తిప్పకపోవడాన్నే కదా పొరపాటు అంటాం అన్నాడు.

"పుస్తకంలో చెప్పినట్టు చేస్తే పొరపాటు ఎలా అవుతుంది సార్?"

ఏడు ఇళ్ళలో ఒక్క ఇంట్లోనే కదా జరిగింది అన్నాడాయన. మిగతా ఆరుగురికి రాని ఇబ్బంది ఆ ఒక్కావిడకే వచ్చిందంటే ఆవిడ చేతిలోనే ఏదో ఉందనుకోవాలి గదా. ఒక్క కాగితం కోసం పేజీ మార్చడం కుదరదన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పోయిన బుధవారం తనూ అదే అని ఉండేది. కొలతమ్మ తన బల్ల దగ్గరికి తిరిగొచ్చి, ఫోను ముందు పెట్టుకుని, మిగతా ఆరు ఇళ్ళకూ ఫోను చేసింది.

నలుగురు ఏమీ కాలేదన్నారు. వాళ్ళలో ఇద్దరు గీతలు చూసే తిప్పామన్నారు, ఇద్దరు బలం కొద్దీ తిప్పేశామన్నారు. ఐదో ఇంట్లో సంగీతం పంతులమ్మ ముందు యంత్రం బాగుందంది. తరవాత, రెండుసార్లు పొర్లిందనీ, తన తెలివితక్కువతనమేననుకుని తుడిచేసి ఊరుకున్నాననీ, ఇంట్లో కూడా చెప్పలేదనీ ఒప్పుకుంది. ఆరో ఇంట్లో బస్సు డ్రైవరు నవ్వాడు. అంత పెద్ద బండి నడిపేవాణ్ణి, ఒక కాఫీ మూత పెట్టడం రాలేదని కాగితం మీద ఎలా రాస్తానండీ అన్నాడు. అతనికి జరిగింది ఒక్కసారే. అదృష్టం కొద్దీ చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఏడింటిలో మూడు. రాసింది ఒక్కావిడే.

సాయంత్రం కొలతమ్మ యంత్రాన్ని చక్రాల బల్ల మీద పెట్టి తోసుకుంటూ సంపాదకుడి గదిలోకి తీసుకెళ్ళింది. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టి, ఇందులో ఉన్నట్టు మీరే ఒకసారి చేయండి సార్ అంది. ఆయనకు ఇలాంటివి సరదా. చొక్కా చేతులు మడిచాడు. నీళ్ళు పోశాడు, పొడి వేశాడు. పద్నాలుగో పేజీ పైకి చదివాడు. మూత తిప్పాడు. ఆ గదిలో పంకా లేదు. టక్ మంది. విన్నావా అన్నట్టు ఆవిడ వైపు చూసి, కూజాను కింద పెట్టి, మీట నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రెండు నిమిషాలు ఇద్దరూ కూజానే చూశారు. నీళ్ళు పొర్లడం మొదలుపెట్టగానే ఆయన చెయ్యి మీట వైపు వెళ్ళింది.

"వద్దు సార్," అని కొలతమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

ఆయన తన మోచేతినీ, మీట ముందు కారుతున్న ధారనూ మార్చి మార్చి చూశాడు. ఆవిడ వెళ్ళి ప్లగ్గు పీకింది. నీళ్ళు బల్ల దాటి 'మా మొదటి ఎంపిక' అన్న పేజీ అంచును తడపబోతుంటే ఆయన పేజీలన్నీ ఎత్తి ఛాతీకి హత్తుకున్నాడు.

పేజీ మారింది. మొదటి స్థానం ఇంకో యంత్రానికి పోయింది. నల్లదాని పక్కన హెచ్చరిక వేశారు, తయారీవాళ్ళకు ఘాటుగా ఉత్తరం రాశారు. ఇదంతా ఒక్క గంటలో అయిపోయింది. ఏడో ఇంటికి ఏం రాయాలన్న దగ్గరే ఇద్దరికీ పొసగలేదు. పునఃపరిశీలనలో కొన్ని కొత్త అంశాలు వెలుగులోకి వచ్చినందున పూర్వపు వ్యాఖ్యను ఉపసంహరించుకోవడమైనది అని ఆయన చెప్పి రాయించబోయాడు. లెక్కల మాస్టారు దాన్ని ఎలా చదువుతాడో కొలతమ్మకు వినపడినట్టే అయింది. ఆ వాక్యంలో మనిషి ఎక్కడా లేడు. మన పొరపాటని రాద్దామంటే, కేంద్రం తన పొరపాటని ఎన్నడూ రాయలేదన్నాడాయన. అది నిజమే. ఆవిడ ఇంకేమీ వాదించలేదు. ఇంటికి వెళ్ళి, తన పెన్నుతో, తెల్లకాగితం మీద వేరే ఉత్తరం రాసుకుంది. మూడుసార్లు చించేసింది. నాలుగోది చిన్నగా వచ్చింది.

గురువారం సాయంత్రం మూడు అంతస్తులూ ఎక్కి వెళ్ళేసరికి ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. తమ్ముడు బల్ల మీద పిల్లల పుస్తకాలు పెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతున్నాడు. మరదలు బట్టలు మడత పెడుతోంది. అక్కయ్య కిటికీ పక్కన తన చోటులోనే ఉంది. ఇవాళ చెయ్యి కాస్త వంగుతోంది. పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని, ఒక గౌను అంచుకు ఒక్కొక్కటే గుచ్చుతోంది.

కొలతమ్మ ఉత్తరాన్ని తమ్ముడి చేతికి ఇచ్చి, అందరికీ వినపడేలా చదవమంది. అతను బడిలో చదివినట్టే గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"మీ ఇంట్లో కాఫీ యంత్రం పొర్లడం వాడినావిడ పొరపాటని మేము రాశాం. అది తప్పు. ఆవిడ పుస్తకంలో ఉన్నట్టే చేశారు. పుస్తకంలో ఉన్నట్టు చేయనిది నేను. అందుకే నా దగ్గర అది పొర్లలేదు. ఇంకో రెండు ఇళ్ళలో కూడా ఇలాగే జరిగింది. వాళ్ళు మాకు చెప్పలేదు. ఈవిడ చెప్పారు."

మూడో వాక్యానికే అతని గొంతులోంచి బడి దిగిపోయింది. చదవడం అయ్యాక కాగితాన్ని తిప్పి వెనక ఏమైనా ఉందేమోనని చూశాడు. ఏమీ లేదు.

"ఆ రోజు మీరు అడిగారు, ఎవరు రాశారని," అంది కొలతమ్మ అక్కయ్యతో. "రాసింది నేనే. ఇక్కడ నిలబడి కూడా చెప్పలేదు."

అక్కయ్య సూదులను నోట్లోంచి తీయలేదు. కొలతమ్మను కాసేపు చూసి, తల ఊపింది. ఆ ఊపడం సరేలే అన్నదో, తెలుసులే అన్నదో చెప్పడం కష్టం. కొలతమ్మ ఇంత దూరమూ ఉత్తరం దాకానే ఆలోచించుకుని వచ్చింది.

"చెయ్యి ఎలా ఉందండీ?" అని అడిగింది.

అక్కయ్య సూదులు తీసి సూదుల మెత్త మీద గుచ్చింది. గుడ్డ విప్పి మణికట్టు చూపించింది. పొక్కు పగిలి కొత్త చర్మం వస్తోంది, గులాబీరంగుగా, నలిగిన పట్టు లాగా.

"ఇప్పుడు నయం," అంది. "మొదటి నాలుగు రోజులు కత్తెర పట్టలేకపోయాను. ఈ రెండు వారాల పనంతా అలాగే పేరుకుపోయింది." కాస్త ఆగి, "ఈ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వే," అంది. మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

తమ్ముడు ఎర్ర పెన్ను మూత పెట్టాడు. మరదలు లేచి, గోడకు తగిలించిన సంచి దగ్గరికి వెళ్ళి, లోపల వెతికి, వంటగదిలోకి నడిచింది. పొయ్యికి మరలు ఒక్కొక్కటే నొక్కి బిగిస్తున్న చప్పుడు నాలుగుసార్లు వినపడింది. వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏడుపు ముఖం కాదు గానీ, ఏదో అనాలని వచ్చి ఆ మాట దొరకని ముఖం.

"పెట్టేశాను వదినా," అంది చివరికి.

అక్కయ్య ఆ వైపు చూసింది. కోపం ఉంటే ఇప్పుడు బయటపడుతుందని కొలతమ్మ అనుకుంది. మరదలు కూడా అదే అనుకుని ఉంటుంది, గుమ్మం అంచును పట్టుకుంది.

"మంచిదమ్మా," అంది అక్కయ్య మామూలుగా. "మీకే పనికొస్తాయి. ఈ గౌను రేపు ఇవ్వాలి. దీని తరవాత ఇంకా పదకొండు ఉన్నాయి. అవి అయ్యేదాకా నేను ఆ గదిలో అడుగు పెట్టను. పొద్దున కాఫీ, సాయంత్రం కాఫీ మీరిద్దరూ చూసుకోండి. నాకు ఇక్కడికి తెచ్చివ్వండి."

పదకొండు అయిపోయాక ఏం చేస్తుందో చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు. ఇంతకాలం ఆ ఇంట్లో పొద్దున లేచేసరికి కాఫీ ఉండేది. ఎండ వచ్చినట్టు, కుళాయి నీళ్ళు వచ్చినట్టు అదీ వచ్చేది. యంత్రం పోయాక ఈ వారం రోజులూ మరదలే పరుగు మీద ఫ్లాస్కులో పోసి పోతోంది. ఇప్పుడు భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. బట్టల గుట్ట ఇంకా సగం మిగిలే ఉంది.

"నేను పెడతాలే," అన్నాడు తమ్ముడు, లేస్తూ. కొలతమ్మ వైపు తిరిగి, "మీరూ తాగి వెళ్ళండి," అన్నాడు.

కొలతమ్మ కూర్చుంది. ఈ ఇంట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి. అక్కయ్య మళ్ళీ సూదులను పెదవుల మధ్యకు తీసుకుని, గౌను అంచును కాలి మీద పరుచుకుంది. మడత పెట్టి, గోటితో ఒకసారి రాసి, సూది గుచ్చుతోంది. మడత ఈసారి నిలిచింది. లోపల గిన్నె పెట్టిన చప్పుడు, అగ్గిపెట్టె చప్పుడు, తరవాత అలమర తలుపులు ఒకదాని తరవాత ఒకటి తెరిచి మూస్తున్న చప్పుడు వచ్చాయి. అది చాలాసేపు సాగింది. డబ్బా ఏదో కింద పడింది.

"అక్కా," అని కేక వేశాడు తమ్ముడు. "పంచదార ఎక్కడుంటుంది?"

చెప్పబోయి మరదలు నోరు తెరిచింది. అక్కయ్య తల ఎత్తకుండానే చెయ్యి పైకెత్తి ఆపింది. చేతిలో ఉన్న సూదిని గుచ్చేసి, మడతను చివరిదాకా లాగి, సరిగ్గా ఉందో లేదో ఒకసారి వెలుతురుకు పట్టి చూసుకుంది. ఆ తరవాత మిగిలిన రెండు సూదులనూ నోట్లోంచి తీసింది.

"వెతుక్కో నాయనా," అంది.